ఏటికి అవతల ఎకరం, ఏటికి ఇవతల హెక్టారు

మన ఇళ్లల్లో సిరోంచ భూముల మాట వచ్చినప్పుడల్లా రెండు పేర్లు వినపడతాయి. ఒకటి "అడవి భూమి", రెండోది "ముంపు భూమి". పెళ్లిలో కలిసినా, దినాలకు కలిసినా, హైదరాబాదు నుంచి వచ్చిన బావలదీ నాగపూర్‌లో స్థిరపడ్డ కాకలదీ ఒకటే సలహా: "ఎందుకు పట్టుకొని కూసున్నరు? వచ్చిన కాడికి అమ్మేసి మంచిర్యాలల ప్లాటు కొనుక్కోరాదుండ్రి." ఈ సలహా తప్పు అని చెప్పడానికే ఇది రాస్తున్నాం. సిరోంచ భూమికి ధర లేదన్నది అబద్ధం. దాని ధరను కాగితం మీద తక్కువగా రాశారు, రాస్తూనే ఉన్నారు. తక్కువ రాసింది నేల కాదు, మనుషులు. మనుషులు రాసినదాన్ని మనుషులే దిద్దాలి.

ముందు నేల సంగతి చూద్దాం. ప్రాణహిత సిరోంచకు పడమట పారుతుంది. అవతలి ఒడ్డు మంచిర్యాల జిల్లా కోటపల్లి మండలం. కాస్త కిందికి పోతే కాళేశ్వరం ఎదురుగా ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి సోమనూరు దగ్గర ఇంద్రావతి కలిసేదాకా గోదావరే సరిహద్దు. ఎడమ ఒడ్డు మాది, కుడి ఒడ్డు భూపాలపల్లి జిల్లా. రెండు ఒడ్ల మీదా అదే ఒండ్రు, ఒడ్డు దాటితే అదే రేగడి, ఇంకా లోపలికి పోతే అవే దుబ్బ చెలకలు. పండేది అదే వరి, అదే పత్తి, అదే మిరప. ఇక్కడి మిర్చి బస్తా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతే అక్కడి వ్యాపారి రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, కాయ విరిచి చూస్తాడు. ఏ రాష్ట్రంలో పండిందని ధర కోయడు. పంటకు సరిహద్దు లేనప్పుడు ఆ పంట పండిన భూమి ధరకు ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

వచ్చింది సర్కారు పద్ధతుల నుంచి. ఒక్కొక్కటే లెక్క పెడదాం.

తెలంగాణలో 2018 నుంచి రైతుబంధు ఎకరానికి ఇంత అని ఇచ్చారు. మొదట పంటకు 4 వేలు, తర్వాత 5 వేలు. ఇప్పుడు రైతు భరోసా పేరుతో పంటకు 6 వేలు. ఆ డబ్బు మనిషిని బట్టి కాదు, ఎకరాన్ని బట్టి వస్తుంది. ఎకరం కొన్నవాడికి ఆ డబ్బు కూడా కొన్నట్టే, అందుకని అది భూమి ధరలో కలిసిపోతుంది. మన వైపు కేంద్రం ఇచ్చే 6 వేలు, రాష్ట్రం ఇచ్చే 6 వేలు కుటుంబానికి ఏడాదికి ఇంత అని వస్తాయి. ఎకరం ఉన్నా, నాలుగెకరాలు ఉన్నా అంతే. ఆ డబ్బు రైతుకు సాయమే, కాదనం. కానీ అది భూమికి అంటుకోదు, భూమి ధర పెంచదు. 2018 జనవరి నుంచి అవతలి ఒడ్డున వ్యవసాయ మోటార్లకు 24 గంటల ఉచిత కరెంటు కూడా వచ్చింది. ఒకే నది నీళ్లు తోడే రెండు మోటార్లలో ఒకదాని కింద ఉన్న చేను విలువ పెరగడానికి ఇంతకంటే కారణం వెతకక్కర్లేదు.

రెండోది, కొనేవాళ్ల సంఖ్య. తెలంగాణలో డాక్టరైనా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగైనా చేను కొనుక్కోవచ్చు. హైదరాబాదులో ఒక ప్లాటు అమ్మినవాడు ఆ డబ్బుతో సరిహద్దు మండలంలో ఎకరాలకు ఎకరాలు కొంటాడు. మన వైపు విదర్భ కౌలుదారీ చట్టం, అంటే 1958 నాటి చట్టం, వ్యవసాయదారు కానివాడికి సాగుభూమి అమ్మకాన్ని అడ్డుకుంటుంది. ఆదివాసీ రైతు భూమికి మహారాష్ట్ర భూమి శిస్తు కోడ్‌లోని 36ఎ రక్షణ ఉంది, అనుమతి లేకుండా ఆ భూమి ఆదివాసీ కానివాడి చేతికి పోదు. ఈ రక్షణలు ఉండాల్సిందే. అవి లేకుంటే గోండు, మాడియా కుటుంబాల చేతిలో ఈపాటికి ఒక్క గట్టు కూడా మిగిలేది కాదు. అయితే రక్షణ వల్ల అమ్మకాలు తక్కువ ఉంటే, అమ్మకాలు తక్కువ కాబట్టి భూమికి విలువ తక్కువ అనడం న్యాయమా? తాళం వేసిన పెట్టెలో ఉన్నంత మాత్రాన బంగారం ఇత్తడి అవుతుందా?

మూడోది, దూరం. సిరోంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే. ఆలాపల్లి దారి ఎట్లుంటుందో ఆ దారిన వానాకాలం బస్సులో పోయినవాళ్లను అడిగితే చెబుతారు. మంచిర్యాల అందులో సగం దూరం కూడా లేదు. మందులకు, మార్కెట్‌కు, చదువులకు మనం పోయేది ప్రాణహిత వంతెన దాటి, గోదావరి వంతెన దాటి. కాగితాలకు మాత్రం అడవి దాటి గడ్చిరోలి పోవాలి. భూమి బజారు ఒక దిక్కున, భూమి ఆఫీసు ఇంకో దిక్కున ఉన్న తాలూకా మాది. బజారుకు దగ్గరగా ఉన్నందుకు రావాల్సిన విలువ రావట్లేదు. ఆఫీసుకు దూరంగా ఉన్నందుకు పోవాల్సినంతా పోతున్నది.

ఈ గీత దేవుడు గీసింది కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి ఏర్పడింది. దానికి సిరోంచే కేంద్రం. 1874లో ఆ జిల్లాను ఎత్తేసి భద్రాచలం వైపు మద్రాసు రాజధానికి, సిరోంచను చాందా జిల్లాకు ఇచ్చారు. 1956లో విదర్భతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి, 1982లో చాందా నుంచి విడిపోయిన గడ్చిరోలి జిల్లాలోకి వచ్చాం. ఇన్ని మార్పుల్లో మన తాతలు ఒక్క గట్టు కూడా దాటలేదు. ఇల్లు అక్కడే, చేను అక్కడే, ఇంట్లో తెలుగు అట్లనే. మారినదల్లా మన మీద రేటు రాసే ఆఫీసు.

రేటు పైనుంచి వచ్చి పడటం కూడా మనకు కొత్త కాదు. 1860లలో కాటన్ దొర ఆలోచన ప్రకారం గోదావరిని పడవల దారిగా మార్చే పని నడిచింది. సముద్రం నుంచి ప్రాణహిత దాకా పడవలు రావాలని, రాతి అడ్డంకులున్న దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర పనులు తలపెట్టారు. ఆ లెక్కన సిరోంచ రేవు పట్నం కావాలి. ఈలోగా 1867లో నాగపూర్‌కు రైలు వచ్చింది, 1870ల మొదట్లో పడవల పని ఆగింది. రేవు కావాల్సిన ఊరు మారుమూల అయింది. నేల మాత్రం ఏమీ మారలేదు. వంద ఏళ్ల తర్వాత అదే ఇచ్చంపల్లి పేరు డ్యాము రూపంలో తిరిగొచ్చింది. మూడు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు అన్నారు, 1980 నాటి బచావత్ తీర్పులోకీ ఎక్కింది. కట్టలేదు, వదల్లేదు. "రేపు మునిగే ఊరు" అన్న మాట మాత్రం మన భూముల మీద దశాబ్దాల పాటు నిలిచింది. మునగకుండానే ముంపు ధర వచ్చింది. ఆ పైన 1980 నుంచి నక్సల్ ప్రాంతం అన్న పేరు తోడైంది.

ఇక అసలు విషయం మేడిగడ్డ. 2016 ఆగస్టు 23న ముంబైలో రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు సంతకాలు చేశారు, 100 మీటర్ల మట్టంతో బ్యారేజీకి ఒప్పుకున్నారు. 2019 జూన్ 21న ప్రారంభం. 85 గేట్లు, 16.17 టీఎంసీలు. ఆ చివర మేడిగడ్డ, ఈ చివర మన పోచంపల్లి. నీళ్లు పోయేది తెలంగాణ పొలాలకు. వెనుక నీరు ఎక్కేది గోదావరి, ప్రాణహితల వెంట మన ఒడ్డు మీదికి కూడా. డబ్బు కట్టాల్సింది తెలంగాణ, భూమి ఉన్నది మహారాష్ట్రలో, సేకరించాల్సింది గడ్చిరోలి యంత్రాంగం. ముగ్గురి మీద పడ్డ పని ఎవరి పనీ కాకుండా పోయింది. 2022 జులై వరదల తర్వాత ఆ నవంబరులో 12 ఊళ్ల రైతులు సిరోంచలో రిలే నిరాహార దీక్షకు కూర్చున్నారు. వాళ్లు అడిగింది సేకరించకుండా మిగిలిన దాదాపు 139 హెక్టార్లకు న్యాయమైన పరిహారం. మూడు లక్షల చిల్లర ఎకరాలు కాదు, మూడొందల చిల్లర ఎకరాలు. లక్ష కోట్ల ప్రాజెక్టు అని గొప్పగా చెప్పుకున్నవాళ్లకు అది ఎంత పని?

ఇప్పుడు రేటు ఎట్లా కడతారో చూద్దాం, ఎందుకంటే మోసం అక్కడే ఉంది. మహారాష్ట్రలో ఏటా రెడీ రెక్నర్ రేటు ప్రకటిస్తారు. పల్లె భూముల పట్టికలో జిరాయతు, బాగాయతు అని తేడా ఉంటుంది. సాత్‌బారా ఉతారాలో ఉండే ఆకారణి, అంటే పాతకాలంలో కట్టిన శిస్తు, దాన్ని బట్టి భూములను తరగతులు చేస్తారు. మోటారు, బోరు, వంతెన ఏవీ లేని రోజుల్లో వేసిన శిస్తు ఇవాళ్టి రేటుకు మెట్టు అవుతుందన్నమాట. అదే చేనులో ఇవాళ మిరప పండుతున్నా, కాగితంలో జిరాయతు అని ఉంటే జిరాయతే.

2013 భూసేకరణ చట్టం దీనికి కొంత మందు పెట్టింది. 26వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ రేటు ఒకటి చూడాలి. దగ్గరి ఊళ్లలో అట్లాంటి భూమికే గత మూడేళ్లలో అయిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం కాగితాల సగటు ఇంకొకటి చూడాలి. ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. పల్లె భూమికి దాన్ని ఒకటి నుంచి రెండు రెట్ల దాకా హెచ్చించాలి. చెట్లు, బావులు, పైపులు కలపాలి. ఆ మొత్తం మీద నూటికి నూరు సొలేషియం ఇవ్వాలి. ఉదాహరణకు హెక్టారుకు 4 లక్షలు మూల ధర అనుకుందాం. రెండు రెట్లు చేస్తే 8, సొలేషియంతో 16 లక్షలు. అంటే మూల ధరలో ఒక లక్ష తక్కువ రాస్తే రైతు చేతికి నాలుగు లక్షలు తక్కువ. గెజిట్‌లో చిన్నగా కనపడే అంకె ఇంట్లో ఆడపిల్ల పెళ్లంత అవుతుంది.

అదే సెక్షన్‌లో మనకోసమే రాసినట్టున్న మాట ఇంకోటి ఉంది. వేరే చట్టం వల్ల అమ్మకాలకు ఆంక్షలు ఉన్నచోట, లేదా అట్లాంటి భూమికి మూడేళ్ల అమ్మకాల కాగితాలు దొరకనిచోట, ఆనుకొని ఉన్న ప్రాంతంలోని అట్లాంటి భూమి ధరను బట్టి ప్రభుత్వం కనీస ధర నిర్ణయించాలి. సేకరణ మొదలుపెట్టే ముందు కలెక్టరు ఆ ప్రాంతపు మార్కెట్ ధరను సవరించాలి కూడా. ఆనుకొని ఉన్న ప్రాంతం అంటే అదే జిల్లాలో, అదే రాష్ట్రంలో అని ఆ మాటలో లేదు. సిరోంచ ఒడ్డు రేగడికి ఆనుకొని ఉన్న అట్లాంటి నేల ఎక్కడుంది? గడ్చిరోలి ధానోరా కొండల్లో లేదు. ఎదురుగా మహదేవపూర్‌లో, కోటపల్లిలో ఉంది. పడవెక్కితే నిమిషాల్లో చేరే నేలను వదిలేసి, పోలిక లేని అడవి గ్రామం రేటుతో మన చేనును తూచడం చట్టం చెప్పింది కాదు. ఒకే బ్యారేజీ నీళ్లు రెండు ఒడ్లను తాకుతున్నప్పుడు రెండు ఒడ్లకూ ఒకే తక్కెడ పెట్టండి. మా వాదన అంతా ఇదే.

దీనికి వచ్చే జవాబులు మాకు తెలుసు.

"ఒడ్డు భూమి ఎప్పుడూ మునిగేదే కదా" అంటారు. మునిగేది. పాత వరద నాలుగు రోజులు ఉండి పోయేది, పోతూ ఒండ్రు వదిలేది. రబీలో ఆ ఒండ్రే పంట ఇచ్చేది. అడ్డుకట్ట వెనుక నిలిచిన నీరు అట్లా పోదు. పోయినప్పుడు ఇసుక వదులుతుంది. ఇసుక మేట వేసిన ముక్కను రేపు సర్వేలో పోట్‌ఖరాబ్, అంటే సాగుకు పనికిరాని జాగ అని రాస్తే, నష్టపోయినవాడి భూమికే విలువ తగ్గుతుంది. ముందు పాడు చేసి, తర్వాత పాడు భూమి అని రేటు కట్టడం ఏ ఊరి పద్ధతి? పైగా 2022 జులైలో అవతలి ఒడ్డున సర్కారు కట్టుకున్న కన్నేపల్లి పంప్‌హౌసే మునిగింది. ఇంజనీర్ల లెక్కకే అందని వరదను రైతు ముందే తెలుసుకొని చేను కొనకుండా ఉండాల్సిందా?

"ఇప్పుడు గేట్లు ఎత్తే ఉన్నాయి, ముంపు లేదు, పరిహారం ఎందుకు?" అంటారు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పియర్లు కుంగిన తర్వాత బ్యారేజీలో నీళ్లు నిలపడం లేదు, నిజమే. 2024లో జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ వేశారు. నివేదికలు, వాదనలు నడుస్తున్నాయి. బ్యారేజీ బాగవుతుందా, మళ్లీ 100 మీటర్లకు నింపుతారా అన్నది తేలే దాకా ఆ ఒడ్డు చేను ఎవరు కొంటారు? బ్యాంకు ఏ ధైర్యంతో అప్పు ఇస్తుంది? కొత్త బోరు ఎవరు వేస్తారు? నీళ్లు చేనులో ఉన్న రోజుల్లోనే నష్టం అనుకుంటే పొరపాటు. అనుమానం ఉన్న ప్రతి రోజూ నష్టమే. ఇచ్చంపల్లి మనకు ఆ పాఠం ఒకసారి చెప్పింది.

"అవతలివాళ్లకు బాగా ఇచ్చారు, మీకే ఇయ్యలేదు అంటరా?" అనేవాళ్లూ ఉన్నారు. అవతలి రైతుతో మాకు పోటీ లేదు. తెలంగాణ 2015లో తెచ్చిన 123 జీవోతో నేరుగా కొనుగోళ్లు చేస్తే, 2013 చట్టమే కావాలని అక్కడి నిర్వాసితులు కోర్టుకెక్కారు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. రెండు ఒడ్ల రైతులు అడుగుతున్నది ఒకటే చట్టాన్ని. వాళ్ల గెలుపు మనకు ఆధారం కావాలి.

ఇక మిగిలింది మన చుట్టాల మాట, "అమ్మేసి పోదాం" అన్నది. దీనికి మా జవాబు కొంచెం కటువుగానే ఉంటుంది. ధర అన్యాయంగా తక్కువ ఉన్నప్పుడు అమ్మితే ఆ అన్యాయపు ధరే కాగితం మీదికి ఎక్కుతుంది. అదే రేపు పక్క చేనువాడి పరిహారానికి ఆధారం అవుతుంది. అసలు ధర ఒకటి, రిజిస్ట్రేషన్‌లో రెడీ రెక్నర్ రేటు ఒకటి రాసి మిగతాది చేతిలో తీసుకునే అలవాటు మన తాలూకాలోనే కాదు, అంతటా ఉంది. స్టాంపు డ్యూటీలో నాలుగు రూపాయలు మిగిలాయని సంతోషపడేవాళ్లు ఒక్కటి ఆలోచించాలి. ప్రతి తక్కువ కాగితం ఊరందరి రేటును కిందికి లాగుతుంది. సర్కారు రేటు తక్కువ కాబట్టి కాగితం తక్కువ రాస్తారు, కాగితం తక్కువ కాబట్టి సర్కారు రేటు పెరగదు. ఈ గానుగ ఎవరో ఒకరు ఆపకపోతే ఆగదు.

నాగపూర్, పుణె, హైదరాబాదు, ఇంకా దూరదేశాల్లో ఉండి ఇది చదువుతున్న మన కుటుంబాల వాళ్లు చేయగలిగినవి ఉన్నాయి. సాత్‌బారా మీద ఇంకా తాత పేరే ఉంటే వారసుల పేరు మీద ఫేర్‌ఫార్ చేయించండి, ఆడపిల్లల వాటాతో సహా. చనిపోయిన మనిషి పేరున్న భూమికి నోటీసు వస్తే అందుకునేవాడు ఉండడు, అభ్యంతరం చెప్పే గడువు ఊరికే పోతుంది. ఊళ్లో చేస్తున్న తమ్ముడో, కౌలుకు చేస్తున్న మనిషో ఎవరున్నా సరే, ప్రతి పంటకూ ఇ-పీక్ పాహణీలో పంట నమోదు చేయించండి. మిరప వేసి నమోదు చేయకపోతే కాగితం మీద అది పడీక భూమే. బోరు, మోటారు, చెట్లు కూడా రికార్డులో ఉండాలి. వరద వచ్చి పోయాక పంచనామా అయిందా, అందులో ఇసుక మేట రాశారా అని అడగండి. నకలు తీసుకోండి. మరాఠీ రాదని తలాఠీ దగ్గర తలూపి రాకండి, చదివించుకొని సంతకం చేయండి. అమ్మకం తప్పనిసరైతే అసలు ధరకే కాగితం రాయండి. ధరలు పోల్చేటప్పుడు అవతల ఎకరం, ఇవతల హెక్టారు అన్న సంగతి మరవకండి. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. వాట్సాప్‌లో తిరిగే రేటు చూసి మోసపోయేది ఇక్కడే.

రెండు ప్రభుత్వాలను మేము అడిగేవి మూడు. మిగిలిన భూమి సేకరణను 2013 చట్టం కింద గడువు పెట్టి పూర్తి చేయండి. మూల ధర కట్టేటప్పుడు ఎదురొడ్డు అమ్మకాలను కూడా లెక్కలోకి తీసుకోండి. ఇసుక మేట పడ్డ, ఒడ్డు కోసుకుపోయిన భూమిని పాడవకముందు ఉన్న తరగతిలోనే తూచండి.

రేపు ఏదో ఒక రూపంలో మేడిగడ్డ మీద మళ్లీ ఒప్పందం జరుగుతుంది. అప్పుడు గడ్చిరోలి నుంచి వచ్చే అధికారి ముందు పెట్టడానికి కావాల్సింది మన బాధ కాదు, మన కాగితాలు. ఈ దసరాకు ఇంటికి వచ్చినవాళ్లు రెండు రోజులు ఎక్కువ ఉండి, ఆ కాగితాలు సరిచూసుకొని పోండి.